మాయకి వేళ్ళెలా మొలిచాయంటే

ఒకప్పుడు కోతిపిల్లలు అమ్మ కడుపులో నిలిచేవి కావు. బీరపువ్వు పిందె కట్టేలోపే బయటికొచ్చి పడేవి. కళ్ళు తెరుచుకోవు, చెవులు విప్పుకోవు. తలకాయ చూస్తే రేగుపండంత. ఆ తలకాయలో బుర్ర ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

అలా పుట్టినవాటిలో చాలామటుకు బతికేవి కావు. బతికినవాటికి తెలివుండేది కాదు. నిన్న కడుపునిండా నేరేడుపళ్ళు తిన్న చెట్టు ఎటువైపుందో ఈరోజుకి మరిచిపోయేవి. వానొస్తే తడుస్తూ కూర్చునేవే తప్ప, ఆకుల కిందికి జరగాలని వాటికి తోచేది కాదు. ఇప్పుడు మన దొడ్లో జామకాయలు ఎత్తుకుపోయి, పైగా గోడమీద కూర్చుని మనల్నే వెక్కిరిస్తాయి చూడండి, వాటి అవ్వలకి అవ్వలు ఇలా ఉండేవారంటే నమ్మబుద్ధి కాదు.

పిల్లలు ఎందుకు నిలిచేవి కావు? అమ్మలకి ఇష్టం లేక కాదు. అమ్మలకి చెప్పలేనంత ఇష్టం. అడ్డమొచ్చింది కాపలావాళ్ళు.

ఒంటి లోపలి సంగతి మీకు తెలియదు కదా, అది ముందు చెప్పాలి. ఒక్కొక్కరి ఒళ్ళూ ఒక్కో ఊరు. బుల్లి బుల్లి ఇళ్ళు, ఎన్నో లెక్కపెట్టలేం. ఇళ్ళ మధ్య నెత్తుటి కాలవలు. ఆ కాలవల వెంబడి తెల్లబట్టలు కట్టుకున్న తలారులు కర్రలు పట్టుకుని తిరుగుతుంటారు. తలారులంటే ఊరి కాపలావాళ్ళు.

వాళ్ళకో కట్టుబాటుంది. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ తోరణం ఉండాలి, అన్ని తోరణాలూ ఒకే ఆకువి అయి ఉండాలి. గెంతులమ్మ అని ఒక ఆడకోతి ఉండేది. ఆమె ఒంట్లో అన్నీ మామిడాకు తోరణాలే. తలారి నడుస్తూ నడుస్తూ గుమ్మంకేసి చూస్తాడు. మామిడాకు కనిపిస్తే ముందుకి పోతాడు. వేరే ఆకు కనిపిస్తే ఎవరో పరాయివాళ్ళు దూరారని కర్రతో ఇల్లు కూలగొడతాడు. అసలు తోరణమే లేకపోతే మరీ అనుమానం. మొహం దాచుకునేవాడు దొంగ కాక ఏమవుతాడని దాన్ని ఇంకా ముందు కూలగొడతాడు.

కట్టుబాటు మంచిదే. ముల్లు గుచ్చుకుని చీము పట్టినా, జ్వరం పురుగు దూరినా వాళ్ళే తరిమికొట్టి ఒంటిని నిలబెట్టేవాళ్ళు. చిక్కంతా బిడ్డ దగ్గరే వచ్చింది. బిడ్డ సగం అమ్మది, సగం నాన్నది కదా. గెంతులమ్మ మొగుడు తోకరాయుడి ఒంట్లో వేపాకు తోరణాలు. అందుకని ఆమె కడుపున పడ్డ ప్రతి బిడ్డా తన గుమ్మానికి ఒక మామిడాకూ ఒక వేపాకూ, మళ్ళీ ఒక మామిడాకూ ఒక వేపాకూ గుచ్చుకునేది. బిడ్డ తప్పేముంది, ఇద్దరూ ఇచ్చిందే కట్టుకుంది. తలారుల కళ్ళకి మాత్రం వేపాకే కనిపించేది.

అలా గెంతులమ్మకి ఎందరు పోయారో. పోయిన ప్రతిసారీ ఆమె మద్దిచెట్టు చిటారు కొమ్మనెక్కి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేది. తోకరాయుడు వచ్చి పక్కన కూర్చుని పేలు చూసేవాడు. అంతకంటే ఏం చెయ్యాలో వాడికీ తెలియదు. మళ్ళీ నెల తప్పినప్పుడు మాత్రం ఆమె అక్కడే కూర్చోలేదు, దిగొచ్చి అడవంతా అడగడం మొదలుపెట్టింది. తనలోది తనలో ఎందుకు నిలవడంలేదో తెలుసుకోవాలనుకుంది.

ముందు ఏటిని అడిగింది. ఏరు ఆగకుండానే జవాబు చెప్పింది. తనలో పడిందల్లా ముందుకి తోసెయ్యడమే తనకి తెలుసునట, ఉంచుకునే సంగతి తననడిగితే ఎలా అంది. గాలినడిగితే అది ఆమె మాట పూర్తిగా వినకుండానే కొండవతలికి పోయింది. చివరికి గెంతులమ్మ నేలమీద బోర్లా పడుకుని, మట్టికి నోరానించి అడిగింది.

నేల నింపాదిగా మాట్లాడింది. "గింజ నా బిడ్డ కాదు. ఎక్కడి చెట్టుదో, ఏ పిట్ట పడేసిందో. అయినా నాలో నిలుస్తుంది. ఎందుకో తెలుసా? అది వేరు దించి నన్ను పట్టుకుంటుంది. పట్టుకోనిదాన్ని నేనూ వానకి వదిలేస్తాను."

గెంతులమ్మ లేచి కూర్చుని పొట్టమీద చెయ్యి పెట్టుకుంది. "విన్నావుటే? గట్టిగా పట్టుకో. నేను వదలను, నువ్వూ వదలకు," అంది.

ఆ మాట లోపల విన్నది బిడ్డ కాదు. అప్పటికే కడుపులో గింజ రెండుగా విడిపోయింది. లోపలిది బిడ్డ, చుట్టూ ఉన్నది మాయ. ఒకే గింజలోంచి వచ్చినవాళ్ళు కాబట్టి అక్కాచెల్లెళ్ళు. చెల్లికి ఇంకా చెవులు రాలేదు, హాయిగా ముడుచుకుని పడుకుంది. మాయకి నిద్ర లేదు. అది ఎలాంటిదంటే, ఏది విన్నా ఎందుకని అడగందే ఊరుకోదు. గెంతులమ్మ మాట వినగానే దానికి సందేహాల పుట్ట కదిలింది. దేన్ని పట్టుకోవాలి? దేంతో పట్టుకోవాలి? తను చూస్తే గుండ్రటి తోలు తిత్తి, ఎక్కడా చెయ్యన్నది లేదు. అసలు ఎవరు లాగేస్తారని పట్టుకోమంటోంది?

అడుగుదామంటే ఎవరూ లేరు. అటకెక్కింది.

మీకు చెప్పలేదు కదూ, ఒంట్లో ప్రతి ఇంటికీ అటకుంటుంది. తాతముత్తాతల నాటి సామానంతా అక్కడే. తోక ఎంత పొడుగుండాలో ఒక మూటలో, కనుపాప ఏ రంగో ఇంకో మూటలో కట్టిపెట్టి ఉంటాయి. ఏ తరంలో కట్టారో, ఎందుకు కట్టారో తెలియని మూటలు ఇంకెన్నో. మాయ ఒక్కొక్కటీ విప్పి చూస్తూ, తుమ్ముతూ మూలదాకా వెళ్ళింది. మూలన ఒక ముసలాడు మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నువ్వెవరు తాతా అని అడిగితే, దొంగని అన్నాడు. ఏమాత్రం సిగ్గుపడలేదు.

అతని పేరు చొరవయ్య. గెంతులమ్మ ముత్తవ్వకి ముత్తవ్వ కాలంలో జ్వరమై వచ్చాడట. గోడకి ఒళ్ళు ఆనించి గోడనే కరిగించి లోపలికి దూరడం అతని విద్య. అలా ఇంటింటికీ దూరుకుంటూ అటకమీదికొచ్చి మూటలు సర్దుకుంటుంటే మెట్లు ఊడిపోయాయి. దిగే దారి లేదు. ఆ అవ్వ తన సామాను కూతురికి పంచినప్పుడు మూటలతోపాటు అతనూ వెళ్ళాడు. కూతురు తన కూతురికి పంచినప్పుడు మళ్ళీ వెళ్ళాడు. ఇలా తరాలు గడిచేసరికి దొంగ కాస్తా ఇంటిమనిషి అయిపోయాడు, పనిచెప్పేవాళ్ళు లేక కూర్చుని కూర్చుని విసుగెత్తిపోయాడు.

మాయ అడగడం మొదలుపెడితే చొరవయ్యకి పండగే అయింది. తలారుల సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వాళ్ళ చేత తన్నులు తిన్నవాడు, అతనికి తెలియక ఎవరికి తెలుస్తుంది. ఇంతకుముందు ఈ కడుపున పడ్డవాళ్ళంతా ఏమయ్యారో కూడా చెప్పాడు. మాయ అప్పుడు పక్కకి తిరిగి చెల్లివైపు చూసింది. చెల్లి నిద్రలో బొటనవేలి మొగ్గ కదిపింది. మాయకి మొదటిసారి భయం వేసింది.

తలారులు ఇంట్లోకి ఎలా వస్తారని అడిగింది. గోడకీ గోడకీ మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోంచి దూరుతారన్నాడు చొరవయ్య. అయితే సందులే లేకుండా చేద్దాం, నీ విద్య నాకు నేర్పమంది. ఆయన నేర్పాడు. మాయ తన బుల్లి ఇళ్ళన్నిటి మధ్య గోడలూ కరిగించేసి, చెల్లి చుట్టూ ఒకటే పెద్ద లోగిలి చేసేసింది. సూది మొన దూరే సందు కూడా మిగల్లేదు. తోరణాలన్నీ తెంపి లోపల దాచేసింది. చూసుకుని మురిసిపోయింది.

ముసలాడు మాత్రం పెదవి విరిచాడు. "బాగానే ఉంది. వాళ్ళు దూరలేరు. కూలగొట్టడానికి దూరాలా ఏమిటి? బయట నిలబడి కర్రతో నాలుగు వేస్తే చాలు. పైగా తోరణం కూడా లేదాయె."

మాయ చప్పబడిపోయింది. అయినా దానికి నోరు మూతపడదు కదా, తలారులు ఎలా ఉంటారు, ఏం కట్టుకుంటారు, ముట్టుకుంటే ఎలా ఉంటారని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చొరవయ్య గుర్తుచేసుకుని చెప్పాడు. ఒంట్లో తిరిగేవాళ్ళందరి బట్టలకీ పలచగా బెల్లప్పాకం పట్టినట్టు తీపి అంటుకుని ఉంటుందట. తలారుల చొక్కా చేతులకి మరీను. ఒకసారి తన్నులాటలో ఒకణ్ణి కొరికితే నోరంతా తియ్యగా అయిందన్నాడు.

మాయ చటుక్కున మూటల దగ్గరికి పరిగెత్తింది. ఇందాక విప్పినవాటిలో ఒక పాత పటకారు చూసింది. అవ్వలు ఎప్పటినుంచో చిల్లర పనులకి వాడేదది. తీపి ఎక్కడుంటే అక్కడ పట్టుకుంటుంది, అదే దాని గుణం. మాయ ఆ పాతదాన్ని దాని చోటే ఉంచి, దాన్ని చూసి ఇంకోటి చేసింది. అది దేన్నీ పట్టుకోలేదు. ఇంకోటి చేసింది. అది పోయి చెల్లి పాదాన్నే పట్టుకుంది, విడిపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. కాస్త వంపు మార్చి మరోటి చేసింది. అది చొరవయ్య మోచెయ్యి పట్టుకుంది. ముసలాడు విదిలించుకోబోయి, విదిలించుకోలేక, ఉన్నట్టుండి మెత్తబడి కూలబడ్డాడు. ఏమైంది తాతా అంటే, ఏమో తల్లీ, నీమీద కోపం తెచ్చుకుందామంటే రావడంలేదు అన్నాడు.

ఇక మాయ ఆగలేదు. తన తోలు తిత్తిని అక్కడక్కడ ముందుకి తోసి వేళ్ళు చేసింది. ఒక్కో వేలికీ చివర ఆ పటకారు అద్దింది. నేలలో వేరు దిగినట్టు ఆ వేళ్ళని అమ్మ కడుపు గోడలోకి, నెత్తుటి కాలవల్లోకి దించింది. అమ్మ నెత్తురు వెచ్చగా తగిలింది. అందులోంచి తిండీ గాలీ తీసి చెల్లికి అందించింది. చెల్లి ఆవులించింది.

అంతలో గెంతులమ్మకి వణుకు మొదలైంది. ముందు నడుం, తర్వాత వీపు. ప్రతిసారీ ఇలాగే మొదలయ్యేది. ఆమె కొమ్మని కరుచుకుని కళ్ళు మూసుకుంది. తోకరాయుడు నేరేడుపళ్ళు తెస్తే వద్దని తల తిప్పేసుకుంది.

లోపల తలారులు వచ్చేశారు. ముందు నడిచేవాడు పోలన్న. తలారులకి పెద్ద. మీసాలు కూడా తెల్లవే. గెంతులమ్మ పుట్టిననాటినుంచీ ఆమె ఒంటిని కాస్తున్నవాడు. వాళ్ళు లోగిలి చుట్టూ తిరిగి చూశారు. సందు లేదు. తోరణం లేదు. నెత్తుట్లో చూస్తే ఎవరివో తెలియని వేళ్ళు ఆడుతున్నాయి. కూలగొట్టండర్రా అన్నాడు పోలన్న.

కర్రలు లేచాయి. లేచిన చెయ్యినల్లా మాయ పట్టుకుంది. పట్టుకున్న ప్రతివాడికీ ముందు చేతిలో బలం పోయింది, తర్వాత కోపం పోయింది. కొందరు గోడకి చేరగిలపడి అక్కడే కూర్చుండిపోయారు. మరీ రోషంగా కలబడ్డవాళ్ళు కొందరు పడిపోయి మళ్ళీ లేవలేదు. అలా అవుతుందని మాయ అనుకోలేదు. పడినవాళ్ళని చూసి దానికి బాధేసింది. అయినా చెల్లిని తలుచుకుని వెయ్యి వేళ్ళు చాచే ఉంచింది.

చివరికి పోలన్న ఒక్కడే నిలబడ్డాడు. మాయ అతని చెయ్యి కూడా పట్టుకుంది. అతను మోకాలి మీదికి వచ్చాడే గానీ పూర్తిగా కూలబడలేదు. రెండో చేతిలోకి కర్ర మార్చుకున్నాడు. ఇప్పుడు అతను కొడితే ఆపడానికి మాయకి దగ్గర్లో ఇంకో వేలు లేదు.

"కొట్టేముందు ఒక్కమాట చెప్పు మామయ్యా," అంది మాయ. "నేను నీకేం చేశానని?"

పోలన్న కస్సుమన్నాడు. "ఎవరే నీకు మామయ్య? తోరణం లేదు, ఊరూ పేరూ లేదు, వరసలు కలుపుతున్నావా?"

"మా అమ్మ పుట్టినప్పుడే నువ్వూ పుట్టావట కదా. ఆమెతో పుట్టినవాడివి నాకు మేనమామవి కాక ఏమవుతావు? దాచడమెందుకు, మాది సగం వేపాకే. తెంపి లోపల పెట్టాను. నాన్న లేకుండా ఎవరైనా పుడతారా?"

పోలన్న ఇన్నేళ్ళుగా ఎన్నో గుమ్మాలు కూలగొట్టాడు గానీ, లోపల్నుంచి ఎవరూ అతన్ని వరస పెట్టి పిలవలేదు. పిలిచే నోరు వచ్చేదాకా అతనే ఉంచలేదు మరి. ఆ కూలిన గుమ్మాలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ప్రతి గుమ్మంలోనూ వేపాకు పక్కనే మామిడాకు కూడా ఉండేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. కర్ర కిందికి దింపాడు.

అయినా కాపలావాడు కాపలావాడే. తన బెంగ బయటపెట్టాడు. వేలు దించినవాళ్ళు ఊరికే ఉండరు. ఇవాళ గుక్కెడు తాగుతారు, రేపు కడివెడు. గెంతులమ్మ పాలు తాగే వయసులో కాలికి ముల్లు దిగి ఒళ్ళు కాలిపోతుంటే తను పొద్దూమాపూ నిలబడి కాపాడింది ఆమెని ఇలా పీల్చి పిప్పి చేయించడానికి కాదు. ఆమె ఎండిపోతే ఈ ఊరే ఉండదు. అప్పుడు జవాబు చెప్పేది ఎవరని అడిగాడు.

అది నిజమే అనిపించింది మాయకి. ఇన్ని ప్రశ్నలు అడిగిందిగానీ ఈ ప్రశ్న తనకి తోచలేదు. నువ్వే హద్దు గియ్యి మామయ్యా, నా వేళ్ళు అది దాటి దిగవు, దాటితే కర్ర నీ చేతిలోనే ఉందిగా అంది.

"హద్దు సరే. ఎన్నాళ్ళు?"

"చెల్లి తల పండేదాకా, అంటే లోపల బుర్ర నిండేదాకా."

"ఆ తర్వాత?"

మాయకి బయటి లోకం చూడాలని మహా ఆశ. ఏరు, గాలి, నేల, వాటి గొంతులు లోపల్నుంచి వింటూ అవెలా ఉంటాయో అని ఎంత మథనపడేదో. కానీ అమ్మ నెత్తుట్లోంచి వేళ్ళు తీస్తే తను బతకదని దానికి తెలుసు. చెల్లికి ఊపిరి తియ్యడానికి ముక్కుంటుంది, పాలు తాగడానికి నోరుంటుంది. తనకి ఉన్నవి ఈ వేళ్ళే.

"ఆ తర్వాత చెల్లి వెనకాలే నేనూ వెళ్ళిపోతాను," అంది. "నువ్వు తరమక్కర్లేదు. నేనే చేతులు తీసేస్తాను."

పోలన్న లేచి హద్దు గీశాడు. గుమ్మం బోసిగా ఉండకూడదు, ఏదో ఒకటి కట్టు, లేకపోతే కొత్తగా వచ్చే మా వాళ్ళు ఊరుకోరు అన్నాడు. మామిడాకు కాదు, వేపాకు కాదు, ఏ ఒక్క ఊరిదీ కాని గరికపోచ ఒకటి అటకమీద దొరికింది. దాన్నే మెలిపెట్టి గుమ్మానికి కట్టింది మాయ. గరిక కనిపించిన చోట బిడ్డ ఉన్నట్టు, అక్కడ కర్ర ఎత్తకూడదు అని పోలన్న తలారులందరికీ చెప్పేశాడు.

ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. కూర్చున్న తలారులు ఊరికే కూర్చోలేకపోయారు. పనిచేసే చేతులు కదా. ఒకడు కర్రతో నేల గీకుతూ గీకుతూ నెత్తుటి కాలవ గట్టు తవ్వాడు. కాలవ వెడల్పయింది. మాయ వేళ్ళకి నెత్తురు ఇంకాస్త ధారాళంగా అందింది. అది చూసి పక్కవాడు తవ్వాడు. కూలగొట్టడానికి వచ్చినవాళ్ళు వరసగా నిలబడి కాలవలు తవ్వుతుంటే, పోలన్న అటూ ఇటూ తిరుగుతూ, అక్కడ లోతు చాలదు, ఇక్కడ ఎక్కువైంది అని కేకలేశాడు. చొరవయ్య అటకమీంచి తొంగి చూసి నవ్వుకున్నాడు. దొంగతనానికి వచ్చినవాడు గోడలు కాస్తున్నాడు, కాపలాకి వచ్చినవాళ్ళు కాలవలు తవ్వుతున్నారు.

కొమ్మమీద గెంతులమ్మకి వణుకు ఆగింది. ఎందుకాగిందో ఆమెకి తెలియదు. కాసేపు ఊపిరి బిగబట్టి చూసింది, మళ్ళీ రాలేదు. అప్పుడు తోకరాయుడి చేతిలోంచి నేరేడుపళ్ళు లాక్కుని అన్నీ తినేసింది.

నెలలు గడిచాయి. చెల్లికి కళ్ళొచ్చాయి, చెవులొచ్చాయి. తల పెద్దదైంది, లోపల బుర్ర మడతలు మడతలుగా పెరిగింది. ఖాళీగా ఉన్నప్పుడు మాయ దానికి తను విన్నవన్నీ చెప్పేది. ఏరు ఎందుకు ఆగదో, గాలి ఎందుకు వినదో తనకి తోచిన కారణాలన్నీ కల్పించి చెప్పేది. చెల్లి కాలితో తన్నేది. అది ఊ కొట్టడమని మాయ అనుకునేది.

ఒకరోజు తెల్లవారి ఏటి మీద మంచు లేచే వేళకి చెల్లి తల పండింది. పోలన్న వచ్చి హద్దు దగ్గర నిలబడ్డాడు. ఇంకో రోజు ఉండవే అని అనాలని ఉంది అతనికి, కానీ అనలేదు. మాయ ఒక్కో వేలూ తీసేసింది. చివరి వేలు అతని చేతిలో ఉంది. అది కూడా తీసేసింది.

ముందు చెల్లి పుట్టింది. పుడుతూనే కళ్ళు తెరిచింది. కళ్ళు తెరిచి అమ్మ మొహంకేసి చూసింది. గెంతులమ్మ జాతిలో అమ్మని చూస్తూ పుట్టిన మొదటి పిల్ల అది. గెంతులమ్మ దాన్ని గుండెకి హత్తుకుంది. ఆ పిల్ల రెండు చేతులతోనూ ఆమె బొచ్చు పట్టుకుని వేలాడింది. ఇంత గట్టి పట్టు ఇది ఎక్కడ నేర్చుకుందా అని ఆమె ఆశ్చర్యపోయింది.

కాసేపటికి మాయ వచ్చింది. ఎర్రగా, తడిగా, వేళ్ళన్నీ వాలిపోయి ఉంది. గెంతులమ్మ దాన్ని అరచేతుల్లోకి తీసుకుని, నువ్వెవరివే అని అడిగింది.

"దీని అక్కని," అంది మాయ.

గెంతులమ్మకి దుఃఖం ఆగలేదు. ఒక్కతే కడుపున పడిందనుకుంది ఆమె. ఇన్ని నెలలు ఇద్దర్ని మోసినట్టు ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి ఒకతె వెళ్ళిపోతోంది. దాన్ని ఎత్తి, చుట్టూ చూడమని తిప్పి చూపించింది. మద్దిచెట్టు ఆకుల్లోంచి ఎండ పడుతోంది. అంతవరకూ ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న అడుగుతూ వచ్చిన మాయ అప్పుడు ఏమీ అడగలేదు. చూస్తూ చూస్తూ చల్లబడింది.

ఇక లోపల పోలన్న మళ్ళీ కాపలా తిరగడం మొదలుపెట్టాడు. గరికపోచ లేని ఊళ్ళో కట్టుబాటు పాతదే, కర్ర పాతదే. ఒకరోజు గుండె పక్క సందులో నడుస్తూ చటుక్కున ఆగాడు. అక్కడొక బుల్లి ఇల్లు. గుమ్మానికి ఒక మామిడాకు, ఒక వేపాకు. చెల్లి కడుపులో ఉన్నప్పుడు దాని ఒంట్లోంచి మాయ వేళ్ళ మధ్యగా జారి, కాలవలో కొట్టుకొచ్చి, ఇక్కడ స్థిరపడిపోయిన ఇల్లది. వెనకాల కుర్ర తలారి కర్ర ఎత్తాడు.

పోలన్న వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. "మా మేనకోడలి ఇల్లురా. పద," అన్నాడు.

చెల్లి పెరిగి తల్లి అయింది. మాయతో ఒకే గింజలోంచి వచ్చింది కాబట్టి దాని అటకమీదా అదే సామాను. పటకారు, అవతల మూలన కూర్చున్న చొరవయ్య, అన్నీ దాని బిడ్డలకీ వెళ్ళాయి. ఆ బిడ్డల్లో కొందరు చెట్లమీదే ఉన్నారు. కొందరు చాలా చాలా కాలానికి దిగి, రెండు కాళ్ళమీద నడిచి, మనమయ్యారు.

అప్పటినుంచే బిడ్డ తల పండేదాకా అమ్మ కడుపులో నిలుస్తోంది, బిడ్డ పుట్టగానే ఎవరూ పిలవకుండానే మాయ దాని వెనక వచ్చేస్తోంది. అప్పటినుంచే, బిడ్డ పెరిగి పెద్దదై ఏ కొమ్మకి గెంతినా, ఏ అడవికి వెళ్ళిపోయినా, దాని బుల్లి ఇల్లు ఒకటో రెండో అమ్మ ఒంట్లో ఉండిపోతున్నాయి. తలారులు వాటి ముందునుంచే నడిచి వెళ్తారు. గుమ్మంకేసి చూస్తారు, కర్ర మాత్రం ఎత్తరు.